అణువు తీగ యగునా?



విశాఖపట్టణమున ద్వారకానగర్ బజారులో నేడు బేరమాడి కొనుచున్న స్మార్టుఫోనులో విద్యుత్తును తెరచుచు మూయుచునుండు సూక్ష్మమైన మీటలు వందలకోట్లు గలవు. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన తొలి మైక్రోప్రాసెసరులో అవి సుమారు 2,300 మాత్రమే. మీట యిట్లు చిన్నదగుచు పోగా తుదకు ఒక్క అణువే మీటగా పనిచేయగలదా? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రజ్ఞులు వెదకిన సమాధానము వినదగినది.

1974లో న్యూయార్కు విశ్వవిద్యాలయమునందలి రసాయనశాస్త్రజ్ఞుడు మార్క్ రాట్నర్, ఆరీ అవిరాంతో గూడి యొక వ్యాసము ప్రకటించెను. సైకిలు ట్యూబు వాల్వు గాలిని లోనికి పోనిచ్చును గాని వెలికి రానీయదు. అట్లే ఎలక్ట్రానుల నిచ్చు భాగమొకవైపు, పుచ్చుకొను భాగమొకవైపు, నడుమ వారధియు గల అణువు విద్యుత్తును ఒక దిశకే సుఖముగ పోనిచ్చునని వారు లెక్కగట్టి చూపిరి. కాని మీటరులో నూరుకోట్లవ వంతు పరిమాణము గల వస్తువునకు తీగ తగిలించుటెట్లు? ఆ సాధనము నాటికి లేదు.

1997లో మార్క్ రీడ్, జేమ్స్ టూర్ మొదలగువారు బెంజీను వలయమునకు ఇరుకొనల గంధకము చేర్చి, బంగారు మొనల నడుమ నిలిపి విద్యుత్తును కొలిచిరి. గంధకము బంగారమును గట్టిగా పట్టుకొనును, అదియే ముడి.

ఆశలు పెరిగిన కాలముననే అపచారమును జరిగెను. బెల్ ప్రయోగశాలలలో యాన్ హెండ్రిక్ షోన్ అణువులతో అద్భుతములు సాధించినట్లు ప్రకటించెను. ఇతరులు చేసి చూడగా ఆ ఫలితములు రాలేదు. వేర్వేరు ప్రయోగముల క్రింద ఒకే రేఖాచిత్రము కానవచ్చెను. 2002లో విచారణసంఘము అది కల్పనయని తేల్చెను.

ఈ శాస్త్రమును నిలబెట్టినది ఓపిక. కొలంబియా విశ్వవిద్యాలయమున లతా వెంకటరామన్, సహచరులును బంగారు మొనలను వేలమార్లు కలిపి విడదీయుచు, ప్రతిమారును కొలిచి లెక్కలు కట్టిరి. జంటవలయముల అణువు చదునుగా నున్నపుడు విద్యుత్తు హెచ్చుగను, మెలి పెరిగినకొలది తక్కువగను పారునని 2006లో నిరూపించిరి. అణువులతో నిర్మించిన కంప్యూటరు నేటికిని బజారునకు రాలేదు. అణువు తీగ యగునను మాట మాత్రము స్థిరపడినది.

చదివినదానిని మరల పరీక్షించు నలవాటే విజ్ఞానమునకు మూలము. ఆ యలవాటు గ్రామ గ్రంథాలయపు బల్లవద్దనే మొదలు కావలెను. ఇచ్చట కలిగిన సందేహముతో ద్వారకానగర్‌లోని పౌరగ్రంథాలయమునకును, అటనుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రయోగశాలకును నడచు బాలబాలికలు ఈ యూర నుదయింతురు గాక!