అప్పు ఇచ్చే కుర్చీ నుంచి అప్పు అడిగే కుర్చీకి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు బ్యాంకు వదిలి టీవీ, సినిమాల్లోకి వెళ్ళారు కదా, ఆ విశేషాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. తారల కబుర్లు చెబుతానని ఎవరైనా ముందు వరసలో కూర్చుని ఉంటే వారికి ముందుగానే క్షమాపణలు. నేను చెప్పేది డబ్బు గురించి. మనకు తెలిసిన విద్య అదొక్కటే కదా!

2000-2001లో ప్రభుత్వరంగ బ్యాంకుల్లో వచ్చిన వి.ఆర్.ఎస్. మీకు గుర్తుండే ఉంటుంది. పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకు రావలసిన జీతం, ఏది తక్కువైతే అది. అప్పటికి నాకు 51 ఏళ్ళు, సర్వీసు 27 ఏళ్ళు. ఎక్స్‌గ్రేషియా సుమారు 8 లక్షలు వచ్చింది. బ్యాంకులో ఉండగా నాటక పరిషత్తుల్లో వేషాలు వేసినవాణ్ణి. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ముందు ఇల్లు కాదు, నాటక సమాజం ఎక్కడుందని వెతికినవాణ్ణి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక హైదరాబాదులో సీరియళ్ళ జోరు పెరిగింది. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది. ఇక కాలం నాకోసమే మారుతోందని అనుకున్నాను.

అప్పట్లో మావంటివాళ్ళందరం తలుచుకునే పేరు యండమూరి వీరేంద్రనాథ్ గారిది. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. ఆర్థిక సంస్థలోనూ, బ్యాంకులోనూ ఉద్యోగాలు చేసి పూర్తికాలపు రచయిత అయ్యారు, సినిమాలకు దర్శకత్వం వహించారు. "ఆయన వెళ్ళలేదా?" అని ఇంట్లో వాదించాను. ఆయన ఉద్యోగం వదిలేనాటికి ఆయన పుస్తకం కోసం ఎదురుచూసే పాఠకులున్నారు. నాకోసం ఎదురుచూస్తున్నది పెన్షన్ కాగితాలు మాత్రమే. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు.

పదమూడు వారాల సీరియల్ ఒకటి తీశాను. ఎపిసోడ్‌కి 55 వేలు. పదమూడు ఎపిసోడ్లకు 7 లక్షల 15 వేలు. ఒప్పందం ఏమిటంటే, చానల్‌లో అరగంట స్లాటుకు మనం అద్దె కట్టాలి. ఆ అరగంటలో వచ్చే ప్రకటనల సమయం మనం అమ్ముకోవాలి. అంటే నిర్మాత కథ తీయడమే కాదు, సబ్బులవాళ్ళ చుట్టూ, టీపొడివాళ్ళ చుట్టూ కూడా తిరగాలి. నాలుగో వారం నా సీరియల్‌ని రాత్రి ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండింటికి మార్చారు. ప్రకటనల ధర సగానికి పడిపోయింది. ఏజెన్సీ నుంచి రావలసిన డబ్బు మూడు నెలలన్నది ఎనిమిది నెలలైంది. అన్నీ పోగా చేతికి తిరిగి వచ్చింది 4 లక్షల 60 వేలు.

మిత్రులారా, ఇక్కడ నేను సిగ్గుపడే విషయం ఒకటుంది. మన దగ్గరికి క్యాష్ క్రెడిట్ కోసం వచ్చిన వ్యాపారిని ఏమని అడిగేవాళ్ళం? "బాకీలు ఎన్నాళ్ళవి? 90 రోజులు దాటినవి ఎన్ని?" అని అడిగేవాళ్ళం. దాటినవి డ్రాయింగ్ పవర్‌లో లెక్కలోకి తీసుకునేవాళ్ళమే కాదు. 25 శాతం మార్జిన్ తీసేసేవాళ్ళం. పప్పుల వ్యాపారిని, ఎరువుల డీలర్‌ని ఈ ప్రశ్నలతో చెమటలు పట్టించిన నేను, నా సొంత 8 లక్షలకు ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు. ప్రజల సొమ్ముకు కాపలా కాసిన 27 ఏళ్ళలో నేర్చిన జాగ్రత్త, సొంత సొమ్ము దగ్గర ఒక్క సాయంత్రంలో ఆవిరైపోయింది.

మరో పొరపాటు. ఒప్పంద పత్రంలో "సర్వహక్కులు" అనే మాట ఉంది. సంతకం పెట్టేశాను. తర్వాత ఆ సీరియల్‌ని రెండుసార్లు పునఃప్రసారం చేశారు. నాకు ఒక్క రూపాయి రాలేదు. తప్పు వాళ్ళది కాదు, చదవకుండా సంతకం పెట్టినవాడిది. తనఖా దస్తావేజుల్లో కొట్టివేత కనిపిస్తే పక్కన సంతకం లేదని వెనక్కి పంపినవాణ్ణి నేను!

ఇంత జరిగాక బుద్ధి రావాలి. రాలేదు. నాటకాలనాటి మిత్రుడొకడు సినిమా కథతో వచ్చాడు. మంచి కథ, ఆ మాట ఇప్పటికీ అంటాను. చిన్న బడ్జెట్. ఫైనాన్షియర్ సిద్ధంగా ఉన్నాడు. ఆ రోజుల్లో సినిమా నెగటివ్ ల్యాబ్‌లో ఉండేది. ఫైనాన్షియర్ బాకీ తీరితేగాని ప్రింట్లు బయటికి ఇవ్వబోమని ల్యాబ్‌వారు రాసిచ్చే ఉత్తరమే అతనికి హామీ. కొత్త నిర్మాతకు అది చాలదు, ఇంకేదైనా పెట్టమన్నారు. ఇంకేదైనా అంటే నాకున్నది ఇల్లు ఒక్కటే.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు. "ఏమండీ, ఈ అప్లికేషన్ మీ టేబుల్ మీదికి వస్తే సంతకం పెట్టేవారా?" అని మాత్రం అడిగింది. ఆవిడ పదో తరగతి చదివింది. నేను సి.ఏ.ఐ.ఐ.బి. పాసయ్యాను.

నిద్రపట్టక లేచి, తెల్లకాగితం తీసి, బ్యాంకులో రాసినట్టే అప్రైజల్ నోట్ రాశాను. ప్రయోజనం: సినిమా నిర్మాణం. ప్రమోటర్ అనుభవం: ఒక సీరియల్, నష్టం. హామీ: నివాస గృహం. చివరి గడి దగ్గర ఆగిపోయాను. అప్పు తీర్చే ఆదాయం ఎక్కడినుంచి? "సినిమా ఆడితే" అని రాయడానికి కలం కదల్లేదు. తెల్లవారుజామున కింద "సిఫారసు చేయలేను" అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో నేను తిరస్కరించిన ఆఖరి దరఖాస్తు అది, నాదే. మిత్రుడికి చెప్పడం అంతకంటే కష్టమైంది. "బ్యాంకోడివి బ్యాంకోడివే రా" అని లేచి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మాట్లాడలేదు.

నా అసలు కొత్త ఉద్యోగం ఆ తర్వాతే మొదలైంది. కృష్ణానగర్‌లో ఆఫీసున్న ఒక నిర్మాత, "మీరు డబ్బు పెట్టొద్దు, నా డబ్బు చూసిపెట్టండి" అని పిలిచారు. పన్నెండేళ్ళు సీరియళ్ళకు, నాలుగు చిన్న సినిమాలకు నిర్మాణ వ్యవహారాలు చూశాను. క్యాషియర్ సాయంత్రం క్యాష్ టాలీ చేయకుండా ఇంటికి వెళ్ళనట్టే, షూటింగ్‌కు ప్యాకప్ చెప్పగానే వోచర్లు, మిగిలిన నగదు సరిచూసేవాణ్ణి. మొదట్లో ప్రొడక్షన్ మేనేజర్లు నవ్వారు. తర్వాత వాళ్ళే వోచర్లు వరసగా గుచ్చి తెచ్చేవారు. డబ్బు తక్కువైన రోజున చెల్లింపులు కిందినుంచి పైకి చేయాలన్నది నేను పెట్టిన నియమం. లైట్‌బాయ్ బేటా ముందు, పెద్ద నటుడి చెక్కు తర్వాత. పెద్ద నటుడు వారం ఆగగలడు. లైట్‌బాయ్ ఇంట్లో పొయ్యి ఆ రాత్రి ఆగదు.

మన విద్య అక్కడ అన్నిటికీ పనికొస్తుందని మాత్రం అనుకోకండి. ఒకసారి పన్నెండు వేలు మిగులుతాయని నదీతీరంలో తీయవలసిన సన్నివేశాన్ని ఇంటి పెరట్లో తీయించాను. తల్లి అస్థికలు కలిపే సన్నివేశం అది. దర్శకుడు ఏమీ అనలేదు. ఎపిసోడ్ వచ్చాక నేనే టీవీ ముందునుంచి లేచిపోయాను. డబ్బు మిగిలింది, కథ చచ్చిపోయింది. బ్యాంకులో తగ్గించిన ప్రతి ఖర్చూ మంచిదే. ఇక్కడ కొన్ని ఖర్చులే సరుకు. ఏది దుబారా, ఏది సరుకు అని గుర్తుపట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఫిల్మ్ నెగటివ్ ఉన్న చోట హార్డ్‌డిస్క్ వచ్చింది. థియేటర్‌తో పాటు ఓటీటీ వచ్చింది. మన పిల్లలు, మనవలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూనే షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. వాళ్ళను ఆపమని నేను చెప్పను. ఆపితే ఆగేది కాదు, నాకు తెలుసు. అయితే మన దగ్గరికి డబ్బుకోసం వచ్చినప్పుడు మనం చేయగలిగిన సాయం ఒకటుంది. మన పాత కుర్చీలో ఒక్క గంట కూర్చోవడం. డబ్బు ఎప్పుడు, ఎవరు, ఏ కాగితం ప్రకారం తిరిగి ఇస్తారని అడగండి. శాటిలైట్, డిజిటల్, డబ్బింగ్, ఆడియో హక్కులు విడివిడిగా రాయించమనండి. ఆ సినిమాకు వేరే బ్యాంకు ఖాతా తెరిపించండి. ఇల్లు, పెన్షన్, భార్య పేరు మీది డిపాజిట్ ఈ మూడూ ఎవరడిగినా ముట్టుకోకండి. మిగిలినదాంట్లో పోయినా ఫరవాలేదనుకున్నంత ఇవ్వండి. ఇచ్చాక మళ్ళీ అడగకండి.

చివరగా ఒక మాట. ఆ మిత్రుడి సినిమా ఐదేళ్ళ తర్వాత వేరే నిర్మాత తీశారు. మూడు వారాలు ఆడింది. పెట్టిన డబ్బు రాలేదు. మొదటి రోజు మొదటి ఆటకు మా ఆవిడా నేనూ వెళ్ళాం. తెర మీద నిర్మాత పేరు పడ్డప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పేరు నాది కావలసింది. ఆవిడ చూసిందో లేదో తెలియదు గాని, ఆట అయ్యాక, "ఇంటికి పోదాం పదండి" అంది. పోవడానికి ఇల్లు ఉంది.