రాతిలో జారిన చీవరం

మేకుకు తగిలించిన తువ్వాలును ఎవరూ పనిగట్టుకుని చూడరు. చూస్తే, దాని ముడతలన్నీ ఆ మేకు దగ్గరే పుట్టి కిందికి దిగుతూ విచ్చుకుంటాయి. అదే తువ్వాలును రెండు మేకులకు వదులుగా తగిలిస్తే, మధ్యలో ఉయ్యాలలా సాగుతాయి. గుడ్డకు తెలిసిన విద్య ఇంతే: ఎక్కడ పట్టు దొరికితే అక్కడ వేలాడుతుంది, మిగతాచోట బరువుకు లొంగిపోతుంది. ఒంటి మీద ఆ మేకులు భుజం, నడుము, మణికట్టు.

బుద్ధుడి విగ్రహాలు చెక్కినవాళ్ళు ఈ సంగతిని తలోరకంగా వాడుకున్నారు. ఇప్పటి పాకిస్తాన్ వాయవ్యాన ఉన్న గాంధారంలో గ్రీకు, రోమన్ పద్ధతుల ప్రభావంతో రెండు భుజాలనూ కప్పి, బూడిదరంగు రాతిలో దళసరి ముడతలు లేపారు. కంబళి కప్పుకున్నంత బరువు! అయిదో శతాబ్దపు సారనాథ్ శిల్పి అసలు ముడతే వేయలేదు. మెడ దగ్గరా చేతుల దగ్గరా అంచు గీత కనిపించాకే ఒంటి మీద బట్ట ఉందని తెలుస్తుంది.

మన అమరావతిలో మొదట బుద్ధుడి రూపమే చెక్కలేదు. పాదాలు, ఖాళీ ఆసనం, ధర్మచక్రం ఆయన బదులు నిలిచాయి. కాబట్టి ఆయనకు బట్ట కట్టే పని ఇక్కడి ఉలికి కాస్త ఆలస్యంగానే వచ్చింది. వచ్చాక మాత్రం లోటు చేయలేదు. నిలువు విగ్రహాల్లో కుడి భుజం ఖాళీ. ఎడమ భుజం మీంచి సన్నని గీతలు ఒంటికి అడ్డంగా ఏటవాలుగా జారతాయి. ఎడమ చెయ్యి పైకి లేచి చీవరాన్ని, అంటే భిక్షువు కప్పుకునే వస్త్రాన్ని, పట్టుకుంటుంది. అసలు పనితనం కింద ఉంది. కుడి చీలమండ దగ్గర మొదలైన అంచు లావాటి మడతగా ఊగి, ఎడమ మణికట్టు దాకా ఎక్కుతుంది. పైన గీతలతో తేలిక, కింద ఒకే ఒక్క మడతతో బరువు. గాంధారం డజను ముడతలతో చెప్పింది ఇక్కడ ఒక్క అంచుతో తేలిపోయింది. పల్నాటి సున్నపురాయి మెత్తదనం కూడా ఉలికి సాయపడింది.

ఈ కట్టు సముద్రం దాటి శ్రీలంకలోని అనురాధపురం విగ్రహాల్లోనూ కనిపిస్తుంది.

ఇదే కట్టు కనిపించే నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్ళే శ్రోతలు ఈసారి బుద్ధుడి ముఖం కంటే ముందు చీలమండల దగ్గర చూపు ఆపండి. అక్కణ్ణించి ఆ అంచు వెంబడే పైకి రండి.