గంజాయి – పరుగుపందెము
(యువజనసభయందు చేసిన ప్రసంగము)

2021 జూనులో అమెరికాలోని యూజీన్ పట్టణమున జరిగిన ఒలింపిక్ ఎంపిక పోటీలలో షకారీ రిచర్డ్‌సన్ అను యువతి నూఱు మీటర్ల పందెమున ప్రథమురాలయ్యెను. పిదప పరీక్షలో గంజాయి జాడ కానవచ్చెను. ఆ రాష్ట్రమున పెద్దలు గంజాయి సేవించుట నేరము కాదు. క్రీడానియమము మాత్రము పోటీవేళ దానిని నిషేధించుచున్నది. మత్తు దిగినను జాడ దినములకొలది దేహమున నిలుచును. ఆమె నెల దినములు నిషేధింపబడి టోకియోకు దూరమయ్యెను.

కన్నతల్లి మరణవార్త విన్న దుఃఖమున సేవించితినని ఆమె ఒప్పుకొనెను, శిక్షకు తలయొగ్గెను. 2023లో బుడాపెస్టున ప్రపంచవిజేత యయ్యెను.

దుఃఖమును మోసముతో సమముగ తూచు నియమమును మార్పవలెనని మేము వాదింతుము. కాని యువకులారా, అది మారువఱకు పాటింపుడు. పరీక్షించువారు మూత్రమును చూతురు గాని మనోవ్యథను చూడరు.