భాష రాని బాటసారి
(ఒక చలనచిత్ర ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



మరికొద్దిసేపటిలో మనం చూడబోయేది 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' అనే మలయాళ చిత్రం. దానికి ముందు నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. హాస్య చిత్రానికి ఉపోద్ఘాతమెందుకని మీలో కొందరికి తోచవచ్చు. మాకూ తోచింది. కాని పరాయి దేశంలో భాష తెలియక, ఆచారం తెలియక తికమకపడే మనిషిని చూపి నవ్వించే చిత్రాలు ఎన్నో భాషలలో ఉన్నాయి. వాటిలో నవ్వు ఎవరి పక్షాన నిలుస్తున్నది, ఎవరి మీద విరుచుకుపడుతున్నది అన్న ప్రశ్న మనకు చిన్నది కాదు.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాము. 2012లో గౌరీ షిండే తీసిన 'ఇంగ్లిష్ వింగ్లిష్'లో శ్రీదేవి పోషించిన శశి పుణె గృహిణి, లడ్డూలు చేసి అమ్మడంలో దిట్ట. బంధువుల ఇంటి పెళ్లికని న్యూయార్క్ వెళ్తుంది. ఒక కాఫీ దుకాణంలో తనకు కావలసినదేమిటో చెప్పలేక, అమ్మే యువతి విసుగుకు బెదిరి, బయటికి వచ్చి ఏడుస్తుంది. మాట తడబడింది శశికే అయినా ప్రేక్షకుని కోపం దుకాణపు యువతి మీదికి పోతుంది. వీసా కార్యాలయంలో ఇంగ్లిషు రాకుండా మా దేశంలో ఎలా నెగ్గుకొస్తావని అడిగినప్పుడు, పక్కనున్న భారతీయ ఉద్యోగి, హిందీ రాకుండా మీరు మా దేశంలో నెగ్గుకొస్తున్నట్లే అని జవాబిస్తాడు. ఆమె చేరిన ఇంగ్లిషు తరగతిలో పాకిస్తానీ టాక్సీ డ్రైవరు, తమిళ ఇంజనీరు, ఫ్రెంచి వంటవాడు ఒకే గదిలో కూర్చొని ఒకే వ్యాకరణంతో కుస్తీ పడతారు. మన వెండితెర మీద పాకిస్తానీయుడు క్రియాపదాల కాలాలు సరిచేసుకుంటూ కనిపించడం ఎంత అరుదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున ఉన్నది 2006 నాటి 'బోరట్'. ఆంగ్ల నటుడు సాచా బారన్ కోహెన్ కజకిస్తాన్ విలేఖరిగా వేషం కట్టి అమెరికా అంతా తిరుగుతాడు. తెర మీద కజఖ్ భాషగా అతని నోట వినిపించేది చాలావరకు హీబ్రూ. అతని స్వగ్రామంగా చూపినది రొమేనియాలో రోమా ప్రజలుండే గ్లోద్ అనే పేదపల్లె. డాక్యుమెంటరీ అని నమ్మించి తమను చిత్రీకరించారని ఆ పల్లెవారు వాపోయారు. అమెరికాలో దావా కూడా వేశారు, అది నిలవలేదు. కజకిస్తాన్ మొదట మండిపడింది. 2020 నాటికి ఆ దేశపు పర్యాటక శాఖే బోరట్ ఊతపదాన్ని తన ప్రచారానికి వాడుకున్నది. పెద్ద దేశం కాబట్టి నవ్వేసి ఊరుకోగలిగింది. గ్లోద్‌కు ఆ అవకాశం లేదు.

అయితే ఆ చిత్రాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. అందులో ఒక రోడియో నిర్వాహకుడు బోరట్‌తో ఆ మీసం తీసెయ్యి, ముస్లింలా కనబడుతున్నావు అనే భావంతో హితవు చెబుతాడు. ఆయన నటుడు కాడు, ఎదుటివాడు వేషధారి అని ఆయనకు తెలియదు. బాటసారి అమాయకత్వం ఆతిథేయి మనసులోని విషాన్ని బయటికి లాగింది. మన అనుభవం కూడా అక్కడే ఉన్నది. మనవాడు పరదేశంలో దిగి వ్యాకరణం తప్పు మాట్లాడే అవకాశం రాకముందే, కౌంటరు దగ్గర అతని పేరు అడ్డుపడుతుంది. 2009లో న్యూఅర్క్ విమానాశ్రయంలో షారుఖ్ ఖాన్‌ను ఆపి ప్రశ్నించిన సంగతి లోకమంతా ఎరిగినదే. ఆయనకు ఇంగ్లిషు రాక కాదు గదా!

మరొక అమెరికన్ చిత్రం ఉన్నది. ముస్లింలను ఏది నవ్విస్తుందో కనుగొని అయిదు వందల పుటల నివేదిక రాయమని ప్రభుత్వం ఒక హాస్యనటుణ్ణి భారత్, పాకిస్తాన్‌లకు పంపుతుంది. ఆల్బర్ట్ బ్రూక్స్ తీసి నటించిన ఆ చిత్రం పేరు 'లుకింగ్ ఫర్ కామెడీ ఇన్ ద ముస్లిం వరల్డ్'. అతను ఢిల్లీలో ప్రదర్శన ఇస్తే హాలులో ఒక్కరూ నవ్వరు. మాటల్లో పడి తాజ్‌మహల్ పక్కనుంచే, చూడకుండానే నడిచిపోతాడు. నవ్వు అంతా చూపు లేని ఆ యాత్రికుడి మీదే. కాని పేరులో 'ముస్లిం' అన్న మాట ఉన్నందున ఒక పెద్ద సంస్థ ఆ చిత్రాన్ని విడుదల చేయనన్నది. చివరికి మరొకరు చేశారు.

మాకు అన్నిటికన్నా నచ్చినది ఎరాన్ కోలిరిన్ అనే ఇజ్రాయెలీ దర్శకుడు 2007లో తీసిన 'ద బ్యాండ్స్ విజిట్'. అలెగ్జాండ్రియా పోలీసు వాద్యబృందం ఒక అరబ్ సాంస్కృతిక కేంద్రం ప్రారంభానికి ఇజ్రాయెల్‌కు వస్తుంది. వెళ్లవలసిన ఊరు పెతాహ్ తిక్వా. అరబీలో 'ప' అక్షరం లేదు, అది 'బ' అవుతుంది. ఫలితంగా బస్సు వారిని బేత్ హతిక్వా అనే మారుమూల ఎడారి ఊళ్లో దించుతుంది. ఆ రాత్రికి తిరుగు బస్సు లేదు. ఒక్క అక్షరం మీద కథ అంతా నిలిచింది! మన పెద్దలకు దీనిని వివరించనక్కరలేదు. 'పాకిస్తాన్'ను 'బాకిస్తాన్' అనే అరబ్బులను గల్ఫ్‌కు పోయివచ్చిన మనవారందరూ విన్నవారే.

ఆ ఊరి హోటలు యజమానురాలు దీనా, బృంద నాయకుడు తౌఫీక్ ఇద్దరికీ వచ్చినది ముక్కల ఇంగ్లిషు మాత్రమే. ఆ ముక్కలతోనే తమ జీవితాలు చెప్పుకుంటారు. ఈ చిత్రాన్ని ఆస్కార్ పరభాషా విభాగం నుంచి తొలగించారు. కారణం, సంభాషణలలో సగానికి మించి ఇంగ్లిషే ఉన్నదట! ఒకరి భాష ఒకరికి రానివారు ఎవరిదీ కాని భాషలో మాట్లాడుకోవడమే దాని ప్రాణం. ఆ నేల మీది రాజకీయాన్ని చిత్రం తాకీ తాకకుండా పోయిందనే అసంతృప్తి మాకు ఉన్నది. బృందంలోని యువకుడు ఖాలిద్‌గా నటించిన సాలెహ్ బక్రీ పాలస్తీనీయుడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ అసంతృప్తి మరికాస్త పెరుగుతుంది.

ఇక మన ఇంటికి వద్దాము. పరదేశిని నవ్వులపాలు చేయడానికి విమానం ఎక్కనక్కరలేదు. తెలుగు చిత్రాలలో ముస్లిం పాత్ర ప్రవేశించగానే తెలుగు క్రియకు 'హై' తగిలించి మాట్లాడించడం ఒక అలవాటు. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని దూదేకుల కుటుంబాలు ఎన్ని లేవు? గుంటూరు, ప్రకాశం, రాయలసీమ పల్లెలలో పుట్టిన మన పిల్లలు తరగతిలో తెలుగులో మొదటి మార్కు తెచ్చుకుని, సాయంత్రం తెర మీద తమ పేరు గలవాడు తెలుగు రాక తడబడటం చూస్తున్నారు. తరతరాలుగా ఉన్న ఊళ్లోనే వారిని యాత్రికులను చేసే హాస్యమిది. హైదరాబాదు దక్కనీలోనే నడిచిన 'ద అంగ్రేజ్' వంటి చిత్రంలో ఈ చిక్కు తలక్రిందులైంది. అమెరికా నుంచి వచ్చినవారు చార్మినార్ దగ్గర పరాయివారయ్యారు, ఇస్మాయిల్ భాయ్ సొంత గడ్డ మీద నిలబడి మాట్లాడాడు. కాని ఆ తరువాత దక్కనీ అనగానే నవ్వు, నవ్వు అనగానే దక్కనీ అన్నట్లు తయారైంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష అది అని గుర్తు చేయవలసి వస్తున్నది.

ఇప్పుడు ఈనాటి చిత్రం. 2018లో జకరియా మహమ్మద్ తీశారు. మలప్పురంలో సెవెన్స్ ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన నైజీరియా యువకుడు శామ్యూల్‌ను ఊరంతా 'సుడానీ' అంటుంది. నల్లగా ఉన్నవాడల్లా సుడానీయే! ఈ పొరపాటు చేసేది మనవాళ్లే, అందుకే ఈ చిత్రాన్ని ఎంచుకున్నాము. మనల్ని అందరూ ఒక్క గాటన కడుతున్నారని బాధపడే మనం కూడా ఇతరులను అలాగే కడుతున్నాము. శామ్యూల్ గాయపడి జట్టు మేనేజరు మజీద్ ఇంట్లో మంచం పడితే మజీద్ తల్లి, పొరుగింటి బీయుమ్మ మలయాళంలోనే మాట్లాడుతూ అతనికి సేవ చేస్తారు. అతనేమో ఇంగ్లిషులో జవాబిస్తాడు. జాతీయ స్థాయిలో ఉత్తమ మలయాళ చిత్రంగా ఎంపికైంది. విడుదల తరువాత నటుడు శామ్యూల్ రాబిన్సన్ తనకు జాతి వివక్షతో తక్కువ పారితోషికం ఇచ్చారని బహిరంగంగా అన్నారు. నిర్మాతలు కాదన్నారు, పిమ్మట ఆ వివాదం సర్దుబాటైంది. మీరు ఈ సంగతి తెలిసే చూడాలని చెబుతున్నాము.

ఒక మనవి. తెర క్రింద వచ్చే అక్షరాలు ఇంగ్లిషులో ఉన్నాయి. వెనుక వరుసలలో కూర్చున్న మన తల్లులలో చాలామందికి ఆ అక్షరాలు రావు. అందుకని ఇద్దరు విద్యార్థులు, ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, మాటలు పైకి చెబుతూ ఉంటారు. కొంత గోలగా ఉంటుంది. దయచేసి వారిని ఊరుకోమనవద్దు. బీయుమ్మ కనిపించినప్పుడు మాత్రం వారు చెప్పకుండా ఊరుకుంటామన్నారు, అక్కడ అవసరం పడదట. దీపాలు ఆర్పండి.