తల దించిందెవరు?

(జువ్వలదిన్నె సభలో చేసిన ప్రసంగం)



ఎవరితోనూ కలవని, ఒక్క మాటే పదేపదే అనే పెద్దోళ్లను మన వాడల్లో ఎర్రిబాగులోళ్లంటారు. అది ఆటిజం కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదొకటి. హక్కు అందాలంటే సర్టిఫికెట్ కావాలి, దానికి పరీక్ష ఉంది. సికింద్రాబాద్ జాతీయ సంస్థలో రూపుదిద్దుకున్న ఆ పరీక్షలో 40 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 వస్తే ఆటిజం అంటారు.

మొదటి అంశమేంటో తెలుసా? ఎదుటోళ్ల కళ్లలోకి చూస్తాడా అని! పెత్తందారు ముందు తల దించమని తరతరాలుగా మనకు నేర్పిందెవరు? కులం వంచిన తలేదో, పుట్టుకతో వచ్చిన తీరేదో డాక్టరు విడదీసి చూడాల.

అందుకే పెంచినోళ్లను వెంటబెట్టుకుని పోదాం. చిన్ననాటి సంగతులు చెబుదాం. మన మాటలోనే అడగమందాం, ఆ మనిషినీ అడగమందాం. హక్కు వదలొద్దు!

జై భీమ్!