రేవు వెనుక కొండలు



1966లో ఉక్కు కర్మాగారం కోసం కదిలి, పోలీసు కాల్పుల్లో కన్నుమూసిన 32 మంది స్మృతికి ఈ ఉపన్యాసం. వారిని తలుచుకున్నప్పుడల్లా విశాఖను బీచ్ రోడ్డు మీంచి కాక, కొండల వైపు నుంచి చూడాలనిపిస్తుంది. ఈ ఊరి భాగ్యమూ, ఈ ఊరి గోడూ రెండూ కొండల్లోని ఖనిజంతో ముడిపడినవే.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ రేవు కావాలన్నది మధ్య పరగణాల మాంగనీసును ఓడకెక్కించడానికి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున అప్పుడున్నది ఉప్పుటేరూ, బురదా. ఆ బురద తవ్వి ఓడ తిరిగే లోతు తెచ్చారు. అలల పోటు ఆపడానికి జేనస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను ముఖద్వారం దగ్గర ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. రాస్ హిల్ ఎక్కి చర్చి ముంగిట నిలబడండి: పక్క గుట్టల మీద దర్గా, వెంకన్న గుడి, కాళ్ల కింద ఓడలు వచ్చిపోయే కాలువ. విశాఖలో చూడదగ్గ చోటు ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

ఆ తర్వాత నౌకాశాల వచ్చింది. 1948లో అక్కడ కట్టిన ఓడ జల ఉష నీళ్లలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ.

ఇక కొండల వైపుకు వస్తే, అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. ఆ రైలు నడిచే కేకే (కొత్తవలస–కిరండూల్) లైను విహారం కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో తూర్పు కనుమలు తొలిచి వేశారు. క్రాసింగు పడి బండి ఆగితే చూడండి, పక్క పట్టాల మీది వ్యాగన్ల అంచులన్నీ ఎర్రదుమ్మే.

ఖనిజమంతా ఓడెక్కి పోవడమేనా, ఉక్కు ఇక్కడ చేయకూడదా అని జనం అడిగారు. ఉద్యమకారుడు అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నిలిచారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖకు ఉక్కు కర్మాగారాన్ని పార్లమెంటులో ప్రకటించారు. మరుసటి జనవరిలో శంకుస్థాపన చేశారు. జాతికి అంకితమయ్యేసరికి 1992 వచ్చింది. ఈలోగా పల్లెలకు పల్లెలు భూములిచ్చి లేచిపోయాయి. ఆర్ కార్డు (పునరావాస కార్డు) చేతికొచ్చినా ఉద్యోగం రాని నిర్వాసితుల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంత చేసి సొంత ఇనుప గని మాత్రం ఇవ్వలేదు. కనుమలు దిగివచ్చే ఖనిజాన్ని మన కర్మాగారం కొనుక్కోవాలి. గని ఉన్న కంపెనీతో అదే బజారులో పోటీ పడాలి. నష్టాలు వచ్చాయంటూ 2021 జనవరిలో అమ్మకానికి పెట్టినప్పుడు ఈ తేడాను ఎంతమంది లెక్కలోకి తీసుకున్నారు? 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. సంతోషమే. ఆ సొమ్ముతో అప్పుల గండం కొంత గడుస్తుంది, ఖనిజం మాత్రం రేపూ కొనాల్సిందే. కాబట్టి గని అడగాలి. ఆర్ కార్డు ఉన్న ఇంటి బిడ్డకు ఉద్యోగం కూడా అదే గొంతుతో, అదే అర్జీలో అడగాలి.