ఫైబరు పడవలోని కుళ్ళిన కొయ్య



ముప్పదియేండ్లు తెలుఁగు పాఠములు చెప్పి విశ్రాంతిఁ గొన్న నాకుఁ బడవలను గూర్చి మాటాడు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. అమరకోశమున వారివర్గము నాకుఁ గంఠస్థమే. ఉడుపము, ప్లవము, కోలము అనఁగా నేమో చెప్పఁగలను. అయినను కుళ్ళిన కొయ్యను గూర్చి నాకు నేర్పినది నిఘంటువు కాదు, నేను చేసిన పొరపాటు.

2004 డిసెంబరు 26వ తేది సునామీకి ముందు మా నెల్లూరు తీరమునఁ బట్టపువారు పెక్కుమంది తెప్పలమీఁదనే వేఁటకుఁ బోయెడివారు. కట్టుమరమను తమిళపదమే యింగ్లీషువారి నోటఁ గటమరాన్ అయినది. సునామీ తరువాత ఫైబరు పడవలు విరివిగా వచ్చినవి. ఇవి కుళ్ళవని యందఱమును నమ్మితిమి. గాజునారయు రెజినును కుళ్ళవు, నిజమే. కాని యింజను బరువును, దాని త్రోపుడును ఓర్చుకొనుటకై పెక్కు పడవల వెనుకపలక నడుమఁ గొయ్య యుండును. ఆ కొయ్య కంటికిఁ గనఁబడదు.

మైపాడు వైపున నా పూర్వశిష్యుఁడొకఁడు కలఁడు. వాఁడొకనాఁడు వచ్చి, “అయ్యవారూ, ఇంజను బిగించే పలక కాడ సన్నంగా పగిలుండాది, ఏం జేసేది?” అని యడిగెను. నేను పెద్దఱికముతో, “పైన రెజిను పూసి రంగు వేయుము, నాయనా” అంటిని. వాఁడట్లే చేసెను. మూఁడు నెలలకు నడిసంద్రమున బోల్టులు వదులై, పలక వంగి, యింజను వ్రేలాడెను. త్రాటితోఁ గట్టి, తెడ్లు వేసికొని, వాఁడును వాని తమ్ముఁడును చీఁకటి పడినపిదప నొడ్డుఁ జేరిరి. వాని తల్లి నన్నొక్క మాటయు ననలేదు. అది నాకు మఱింత కష్టమయ్యెను.

లోపలఁ జూడఁగాఁ గొయ్య తడిసిన పిండివలె నున్నది. కారణము చిన్నదే. బోల్టుల రంధ్రముల యంచులకు రెజిను పూయలేదు. ఆ దారిని నీరు దూఱినది. కొయ్యలోఁ దేమ నూటి కిరువది పాళ్ళు మించెనా, బూజుజాతి జీవులు దానిని తినుట కనువగును. ఉప్పునీటికంటె వాననీరే యెక్కువ చేటు. ఉప్పు బూజును కొంత యడఁచును. పందొమ్మిదవ శతాబ్దమున నమెరికా యోడకట్టువారు కొయ్యపక్కెల నడుమ నుప్పు కూరెడివారు. ఫైబరు తొడుగు లోనికి వచ్చిన తేమను వెలికిఁ బోనీయదు. నేను పూయించిన రెజిను ఆ తలుపునకు గడియ వేసినది.

ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు వేఁట నిషేధము కదా. ఆ యెండలలోనే పని సాగించితిమి. సుత్తిపిడితోఁ దట్టినచో గట్టికొయ్య కంగుమనును, కుళ్ళినది బొద్దుగాఁ బలుకును. సందేహమున్నచోట సన్నని రంధ్రము వేసి, వచ్చిన పొట్టు నల్లగా, తడిగా నున్నదేమో చూడవలెను. వెలుపలి తొడుగును ముట్టక, లోపలి తొడుగును మాత్రము కోసి, కుళ్ళునంతయుఁ దొలఁగించితిమి. గట్టికొయ్య దొరకిన తరువాతను జానెడు మేర తీసివేసితిమి. తక్కినదానిని వారముల తరబడి యాఱఁబెట్టితిమి. తడికొయ్యపై నే రెజినును నిలువదు.

తొలుత వాడిన పాలియెస్టరుకంటె నెపాక్సీ కొయ్యను బాగుగఁ బట్టును. ధర విని వాఁడు తల గోఁకికొనెను. ఆ హెచ్చు సొమ్ము నేనిచ్చితిని. అది దానము కాదు, ఋణము. మెరైను ప్లైవుడ్డు పలకల యంచులను రెజినుతోఁ దడిపి, యొకదానిపై నొకటి యంటించి బిగించితిమి. పాత తొడుగు నంచులను మందమునకుఁ బండ్రెండురెట్లు వెడల్పున నేటవాలుగా నరగఁదీసి, పైఁ గ్రొత్త గాజునార పొరలు పఱచితిమి. ఆ ధూళి యూపిరితిత్తులకుఁ జెఱుపు, ముక్కునకు మాస్కు తప్పదు. పాలియెస్టరు వాడువారికొక హెచ్చరిక: హార్డెనరును కోబాల్టు ద్రవమును నేరుగా నెన్నఁడును గలుపరాదు, ప్రేలును.

బోల్టుల రంధ్రములను ముందు పెద్దవిగాఁ దొలిచి, చిక్కని యెపాక్సీతో నింపి, అది గట్టిపడినపిదప నడుమ మరలఁ దొలిచితిమి. ఇఁక బోల్టునకుఁ గొయ్య తగులదు.

జూను 15న వాఁడు వేఁటకుఁ బోయెను. వాని తమ్ముని పడవనుగూడఁ దట్టి చూచితిమి. కుడివైపున బొద్దుగాఁ బలికినది.